హెబ్రీ 6వ అధ్యాయం మీ అన్నయ్య గురించేనా?

అమ్మా,

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకీ అర్థమవ్వాలి కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్తాను. మీది రాజోలు వైపు. మీ అన్నయ్య పందొమ్మిదో ఏట బాప్తిస్మం తీసుకున్నాడు. సంఘంలో తబలా వాయించేవాడు, సండే స్కూల్ పిల్లలకి పాటలు నేర్పేవాడు. కువైట్ వెళ్లిన రెండేళ్లకి ఒకరోజు ఫోన్‌లో "నేనిక నమ్మలేకపోతున్నానమ్మా, నటించడం నావల్ల కాదు" అన్నాడు. అది జరిగి నాలుగేళ్లు. మొన్న మీ ఊరి సువార్త సభల్లో ప్రసంగీకుడు బైబిల్లోని హెబ్రీ పత్రిక 6:4-6 చదివి, ఒకసారి వెలిగింపబడి వెళ్లిపోయినవాడికి తలుపు మూసేసినట్టే అన్నారు. అప్పట్నుంచి మీ అమ్మగారు సరిగ్గా తినడం లేదు. నువ్వు అడిగేది: అన్నయ్య తిరిగి రావాలనుకున్నా దేవుడు రానివ్వడా?

చిన్న జవాబు: రానిస్తాడు. ముందు ఆ మాట అమ్మగారికి చెప్పి, అన్నం పెట్టి, తర్వాత మిగతాది చదువు.

పెద్ద జవాబుకి కాస్త ఓపిక కావాలి. అది అల్లాటప్పా వచనం కాదు. దాన్ని మెత్తగా చేసి నీ చేతిలో పెట్టడం నాకిష్టం లేదు.

ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి. పాలకొల్లు దగ్గర మా సంఘంలో అంతకంటే ఎక్కువకాలమే బైబిల్ స్టడీ నడిపాను. గ్రీకు పండితుణ్ణేమీ కాదు, నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకునేంత వచ్చు. అందుకే ఆ వచనం చదివితే ముందు నా కన్ను తెలుగు మీదే పడుతుంది. "ఒకసారి వెలిగింపబడి, పరలోకసంబంధమైన వరమును రుచిచూచి, పరిశుద్ధాత్మలో పాలివారై..." అంటూ సాగి, "తప్పిపోయినవారు" అన్న మాట దగ్గరికి వస్తుంది. అట్టివారిని మారుమనస్సు పొందేలా మళ్లీ నూతనపరచడం అసాధ్యం అంటుంది.

తప్పిపోవడం అంటే మనకేం గుర్తొస్తుంది? తీర్థంలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లాడు తప్పిపోతాడు. "నీలం చొక్కా వేసుకున్న బాబు తప్పిపోయాడు, కంట్రోల్ రూమ్ దగ్గరికి రావాలి" అని మైకులో అరుస్తారు. మేతకి వెళ్లిన గేదె తప్పిపోతుంది. వెతికితే దొరుకుతుందన్న ఆశ ఆ మాటలోనే ఉంది. లూకా 15లో గొర్రె తప్పిపోయింది. చిన్నకొడుకు "తప్పిపోయి దొరికెను". పేతురుతో యేసు "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు" వేడుకున్నానన్న చోటా (లూకా 22:32) ఇదే మాట.

మూడు చోట్లా తెలుగు ఒకటే, గ్రీకు మాత్రం మూడూ వేరు. లూకా 15లోది పోగొట్టుకోవడం. పేతురు విషయంలోది అయిపోవడం, దీపం ఆరిపోయినట్టు. హెబ్రీ 6:6లో ఉన్నది "పరపిప్తో". కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడొక్కచోటే వస్తుంది. మాటకి మాట చూస్తే పక్కకి పడిపోవడం. పాత నిబంధన గ్రీకు అనువాదంలో యెహెజ్కేలు 14:13 లాంటి చోట్ల ఇదే క్రియ వాడారు. అక్కడ మన తెలుగు బైబిల్లో "విశ్వాసఘాతకమై" అని ఉంటుంది. అంటే దారి తప్పడం కాదు, తెలిసి తెలిసి ద్రోహం చేయడం.

మీ అమ్మగారికి ఆ రాత్రి ఏం వినపడి ఉంటుందో ఊహించగలను. తప్పిపోయిన కొడుకు ఇక దొరకడు అని వినపడింది. ఆ వచనం ఆ మాట అనలేదు. అనువాదకుల్ని తప్పుపట్టను. ఒక్క మాటలో చెప్పమంటే నేనైనా ఇంతకంటే మంచిమాట వెతకలేను. ప్రసంగీకుడు మాత్రం రెండు తప్పిపోవడాలకీ తేడా చెప్పి ఉండాల్సింది.

ఇంకో చిన్న వ్యాకరణం ముక్క. క్లాసులో అయితే పిల్లలు ఆవులించేవాళ్లు, నువ్వు మాత్రం చదువు. "వెలిగింపబడి, రుచిచూచి" ఇవన్నీ క్త్వార్థకాలు, పని అయిపోయింది. "దేవుని కుమారుని మరల సిలువవేయుచు, బాహాటముగా ఆయనను అవమానపరచుచున్నారు గనుక" అన్నది శత్రర్థకం, పని ఇంకా జరుగుతోంది. గ్రీకులోనూ సరిగ్గా ఇదే తేడా ఉంది, తెలుగు దాన్ని చక్కగా పట్టుకుంది. నూతనపరచడం ఎందుకు అసాధ్యం? వాళ్లు ఆ పనిలోనే ఉన్నారు గనుక. క్షమాపణ ఎక్కడ దొరుకుతుందో ఆ సిలువనే నడిబజారులో నవ్వులపాలు చేస్తూ నిలబడ్డవాణ్ణి వేరే ఏ దారిన తీసుకొస్తావు? వేరే దారి లేదు. ఆ పని మాని ఏడుస్తూ వచ్చినవాడి గురించి ఆ వాక్యం మాట్లాడటం లేదు. ఆ "చు" ని "చేస్తున్నంతకాలం" అని చదవొచ్చా, "చేస్తున్నారు కాబట్టి" అనే చదవాలా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు రెండోదే సరి అనిపిస్తుంది. ఎలా చదివినా పని నడుస్తున్నదే తప్ప ముగిసింది కాదు.

కొందరు మంచి మనసుతో ఒక అడ్డదారి చెప్తారు: అసాధ్యం మనుషులకే, దేవునికి కాదు, మార్కు 10:27 చూడండి అని. నేను ఒప్పుకోను. ఇదే అధ్యాయం 18వ వచనంలో దేవుడు అబద్ధమాడటం అసాధ్యం అన్నచోట గ్రీకులో అదే మాట. అక్కడ గట్టిగా పట్టుకుని ఇక్కడ వదులు చేస్తే ఎలా?

ఇక ఆ వచనం చెప్పేవాళ్లు అసలు విశ్వాసులేనా అన్న గొడవ. మన డెల్టాలో దీనికి ఊరికో జవాబు కాదు, వీధికో జవాబు. 1836లో బౌడెన్, బీర్ కుటుంబాలు ఇంగ్లండ్ నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో పని మొదలుపెట్టాయి. అక్కణ్ణుంచి వచ్చిన బ్రదరన్ సంఘాల్లో పెరిగినవాడికి "ఒకసారి రక్షణ పొందితే ఎప్పటికీ రక్షణే" అన్నది పాలతో వచ్చిన మాట. "ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు" అన్న యోహాను 10:28 వాళ్ల కంఠస్థం. నాలుగిళ్ల అవతల లూథరన్ అయ్యగారిని అడుగు, విశ్వాసి పడిపోగలడు అంటారు. 1530 నాటి వాళ్ల విశ్వాస ప్రకటన, ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు, 12వ అంశంలో ఆ సంగతి రాసే ఉంది. నాకు నచ్చేదేంటంటే, ఆ అంశంలోనే పడిపోయి పశ్చాత్తాపపడినవాళ్లకి క్షమాపణ ప్రకటించనివాళ్లనీ ఖండించారు. పడిపోవచ్చు, పడినవాడు లేవనూ వచ్చు, రెండూ ఒకే చోట. పెంతెకొస్తు సంఘాల్లోనూ పడిపోవచ్చు అనేవాళ్లే ఎక్కువ. పెళ్లి సంబంధాల దగ్గర కలిసిపోయే ఈ వీధులన్నీ ఈ వచనం దగ్గర మాత్రం విడిపోతాయి.

నా మాట చెప్తాను, నచ్చకపోతే పక్కన పెట్టెయ్. "వాళ్లు రుచి మాత్రమే చూశారు, మింగలేదు" అని చెప్పే వివరణ నాకు ఎప్పుడూ ఎక్కలేదు. హెబ్రీ 2:9లో యేసు ప్రతి మనుష్యుని కొరకు మరణం "అనుభవించు" అన్నచోట గ్రీకులో అదే రుచిచూడటం. ఆయన మరణాన్ని పెదాలకి తాకించి ఉమ్మేశాడా? "పాలివారు" అన్న మాటా అంతే. 3:14లో "క్రీస్తులో పాలివారమై యుందుము" అని నిజమైన విశ్వాసులకి వాడిందే ఇది. మన వైపు పాలివాళ్లంటే ఆస్తిలో వాటా ఉన్న దాయాదులు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కాదు. కాబట్టి ఆ వర్ణన చదివితే నాకు విశ్వాసులే కనిపిస్తారు.

అలాగని 1 యోహాను 2:19 చెరిపెయ్యలేను: "వారు మన సంబంధులైతే మనతో కూడ నిలిచియుందురు." అది వెళ్లిపోయి క్రీస్తుకి విరోధంగా బోధిస్తున్నవాళ్ల గురించి, వెళ్లిపోయాక అన్న మాట. హెబ్రీ పత్రిక వెళ్లనివాళ్లకి, ఇంకా లోపల కూర్చున్నవాళ్లకి రాసింది. ఈ తేడా పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

ఎవరు వాళ్లు? విశ్వాసం కోసం ఒకప్పుడు ఆస్తులు కోల్పోయినవాళ్లు (10:34), ఇప్పుడు అలిసిపోయినవాళ్లు, కూడుకోవడం మానేస్తున్నవాళ్లు (10:25), పాత బలుల దగ్గరికి వెళ్లిపోతే ఈ గొడవ వదుల్తుంది కదా అని చూస్తున్నవాళ్లు. వాళ్లకి ఇది హెచ్చరిక. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారని లంకల్లో చిన్నపిల్లలకీ తెలుసు. మూడో హెచ్చరిక వినగానే మనం గేదెల్ని విప్పి గట్టెక్కిస్తాం, బియ్యం మూట అటక మీద పెడతాం. లంక మునిగిపోయిందనీ అందరూ పోయారనీ ఏడుస్తూ కూర్చోం. రచయిత కూడా అంత భయపెట్టి వెంటనే 9వ వచనంలో "ప్రియులారా" అని పిలుస్తాడు. ఆ పిలుపు ఈ పత్రికలో ఇక్కడొక్కచోటే. మీరింతకంటే మంచిదీ రక్షణకరమైనదీ అయిన స్థితిలోనే ఉన్నారని నమ్ముతున్నామంటాడు. మీ సభల్లో 6వ వచనం దగ్గర బైబిల్ మూసేసి ఉంటారు. ఎక్కువమంది అక్కడే మూసేస్తారు.

మధ్యలో 7, 8 వచనాలు, నువ్వు రైతుబిడ్డవి కాబట్టి, నీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే వాన, ఒక చేలో పైరు, ఒక చేలో ముండ్ల తుప్పలు, గచ్చతీగెలు. గచ్చ చూశావా ఎప్పుడైనా? మా చిన్నప్పుడు దొడ్డి కంచె మీద ఉండేది. కాయ మీదా ముళ్లే, తీగ మీదా ముళ్లే. బూడిదరంగు గింజల్ని గచ్చు మీద రుద్ది పక్కవాడి చేతికి చురుక్కుమనేలా పెట్టేవాళ్లం. ఆ గింజల కోసం చెయ్యి పెడితే చొక్కా చిరగాల్సిందే. ఆదికాండం 3:18 శాపంలోని ముళ్లూ గచ్చపొదలే ఇక్కడికొచ్చాయి. కొందరు "తుదకు అది కాల్చబడును" అన్నదాన్ని కోత తర్వాత మనం మోళ్లు తగలబెట్టినట్టుగా తీసుకుంటారు. చేను మిగులుతుంది, చెత్త పోతుంది, అంటే రక్షణ పోదు, బహుమానం మాత్రమే పోతుంది అని. వినడానికి బాగుంటుంది. పక్కనే శాపం అన్న మాట ఉంది, 10:27లో విరోధుల్ని దహించే అగ్ని ఉంది. వాటిని దాటి ఆ ఓదార్పు నేను ఇవ్వలేను.

చరిత్రలో ఈ ప్రశ్న ఒకసారి నిజంగానే సంఘం పీకల మీదికొచ్చింది. క్రీ.శ. 250లో డెషియస్ చక్రవర్తి అందరూ దేవతలకి బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఐగుప్తు ఇసుకలో అలాంటి పత్రాలు కొన్ని ఈ కాలంలో దొరికాయి. ప్రాణభయంతో ఎంతోమంది క్రైస్తవులు అర్పించారు, కొందరు లంచమిచ్చి ఉత్త పత్రం కొనుక్కున్నారు. హింస తగ్గాక వాళ్లంతా ఏడుస్తూ తలుపు దగ్గరికొచ్చారు. రోమ్‌లో నొవేషియన్ అనే సంఘ పెద్ద ససేమిరా అన్నాడు. కార్తేజిలో బిషప్ సిప్రియన్ తొందరపడి చేర్చుకోలేదు, అలాగని తరిమెయ్యనూ లేదు. ఎవరెవరు ఏం చేశారో విచారించి, పశ్చాత్తాపానికి సమయం పెట్టి చేర్చుకునే దారి తీశాడు. 325లో సంఘ నాయకులు కూడిన నైసియా సభ, నొవేషియన్ వర్గం నుంచి తిరిగొచ్చే పాదిరీలు పడిపోయి లేచినవాళ్లతో కలిసి బల్లలో (ప్రభురాత్రి భోజనంలో) పాలుపొందుతామని రాసివ్వాలని నియమం పెట్టింది. నిజంగా విగ్రహానికి ధూపం వేసి క్రీస్తును కాదన్నవాళ్ల సంగతి ఇది. మీ అన్నయ్య అన్నది "నమ్మలేకపోతున్నాను" అని. అలాంటివాళ్లకి యూదా 22లో ఒక మాట ఉంది: "సందేహపడువారిమీద కనికరము చూపుడి."

10:26 గురించి కూడా అడిగావు. "బుద్ధిపూర్వకముగా పాపము చేసినయెడల" బలి ఇక ఉండదు అన్నది. ఈ వచనం పట్టుకుని టెన్షన్ పడే కుర్రాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. తప్పని తెలిసి సినిమాకెళ్లాను, తప్పని తెలిసి తాగాను, అయిపోయానా అని. తెలిసి చేసిన ప్రతి పాపమూ అదే అయితే పేతురుతో సహా ఎవరూ మిగలరు. 29వ వచనం దాకా చదివితే అదేంటో రచయితే చెప్తాడు: దేవుని కుమారుణ్ణి పాదాలతో తొక్కడం, నిబంధన రక్తాన్ని అపవిత్రమని ఎంచడం. సంఖ్యాకాండం 15:30లో చెయ్యెత్తి చేసే పాపం లాంటిది. బలి ఉండదు అంటే, ఇది కాదనుకుంటే వేరే బలి లేదని.

ఒక్కపూట కూటికి తన జ్యేష్ఠత్వాన్ని అమ్మేసుకున్న ఏశావు మిగిలాడు. 12:17లో కన్నీళ్లతో వెదికినా విసర్జింపబడ్డాడు కదా అంటారు. యాత్రికుని ప్రయాణం రాసిన జాన్ బన్యన్‌కి యవ్వనంలో ఈ వచనం పట్టుకుని చాలాకాలం నిద్ర పట్టలేదు. క్రీస్తును అమ్మేసుకున్నానేమోనని. ఆయనే తర్వాత బెడ్‌ఫర్డ్ జైల్లో పన్నెండేళ్లు ఉండటానికి సిద్ధపడ్డాడు గానీ సువార్త మానలేదు. ఆదికాండం 27 తీసి చూడు. ఏశావు ఏడ్చింది పోయిన ఆశీర్వాదం కోసం. అమ్మేసినందుకు సిగ్గుపడి దేవుణ్ణి వెదికినట్టు అక్కడ ఒక్క ముక్క లేదు.

ఇంక నా తప్పు ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా పుస్తకాల మాటే అవుతుంది.

ముప్పై ఏళ్ల కిందట మా సంఘంలో ఒకాయన ఉండేవాడు, నాకంటే నాలుగేళ్లు చిన్న. చేపల చెరువులో నష్టపోయి, తాగుడు మొదలై, రావడం మానేశాడు. ఒక సాయంత్రం కాలవ గట్టు మీద వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. నేను కూర్చోకుండానే బైబిల్ తీసి హెబ్రీ 6 చదివాను. భయపడి వస్తాడనుకున్నాను. అతను తలెత్తలేదు, ముడి వేసుకుంటూనే "అయితే సరే మేష్టారూ" అన్నాడు. అంతే. పదకొండేళ్లు రాలేదు. నేనూ మళ్లీ వెళ్లలేదు. వచనం చెప్పేశాను కదా, నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

తర్వాత ఒక ఆదివారం చివర్న, చెప్పులు వదిలేచోట కూర్చుని కనిపించాడు. ఆరాధన అయ్యాక నేనే దగ్గరికెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడి, "ఆ వచనం ఇంకా ఉందా మేష్టారూ?" అని అడిగాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఉంది, నేనే సగం చదివాను అన్నాను. ఇద్దరం చెప్పుల పక్కనే కూర్చుని 9, 10 వచనాలు చదివాం. అతనికి అక్షరాలు సరిగ్గా కనపడక నా కళ్లజోడు పెట్టుకున్నాడు.

అందుకే నీకు చెప్పేది. అన్నయ్యకి ఏ లేబుల్ అతికించాలో తేల్చడం నీ పని కాదు, ఆ ప్రసంగీకుడి పనీ కాదు. అతను విశ్వాసంలో నిజంగా తిరిగి పుట్టాడా, పుట్టి పడిపోయాడా అని మీ ఇంట్లో వాదించుకున్నందువల్ల ఒక్క అడుగు కూడా దగ్గరికి రాడు. రోమా 11:23లో కొట్టేసిన కొమ్మల గురించి "దేవుడు వారిని మరల అంటు కట్టుటకు శక్తిగలవాడు" అన్నాడు పౌలు. అది ఇశ్రాయేలు గురించిన మాటే, అన్నయ్య పేరు అందులో రాసి లేదు. అయినా కడియపులంక నర్సరీల్లో అంటు కట్టే ఏ కుర్రాణ్ణైనా అడుగు, విరిగి ఎండిన కొమ్మని తెచ్చి ఇస్తే నవ్వుతాడు. పౌలుకి అది తెలియక కాదు, తెలిసే ఆ మాటన్నాడు.

అలాగని, ఏం ఫరవాలేదులే అనుకుని ఊరుకోమని కాదు. ఈ పత్రికలో మొదటి హెచ్చరిక 2:1లో ఉంది, "కొట్టుకొనిపోకుండునట్లు" అని. సఖినేటిపల్లి రేవులో పాటు వేళ కట్టు తాడు జారిన పడవని చూసే ఉంటావు. చప్పుడు చెయ్యదు. ఒడ్డున టీ తాగుతున్నవాడు తల తిప్పి చూసేసరికి అది వశిష్ఠ మధ్యలో ఉంటుంది. ఎవరూ ఒక్కరోజులో వెళ్లిపోరు. కువైట్‌లో ఆ రెండేళ్లూ అన్నయ్యకి ఏం జరిగిందో, ఎవరితో మాట్లాడాడో, ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయాడో మీలో ఎవరైనా అడిగారా? నువ్వు రాసినదాంట్లో అది కనపడలేదు. అడుగు. జవాబు చెప్పడానికి కాదు, వినడానికి. జవాబు తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పు.

సంక్రాంతికి వస్తున్నాడన్నావు. ఆదివారం మందిరానికి రమ్మని పిలువు, ఒక్కసారే పిలువు. రానంటే వదిలెయ్. వస్తే సాక్ష్యం చెప్పమని మైకు ఇవ్వనివ్వొద్దు, మనవాళ్లకి ఆ ఆత్రం ఎక్కువ. బల్ల తీసుకోవచ్చా అన్నది మీ సంఘ పెద్దలు అతనితో నెమ్మదిగా మాట్లాడి తేల్చాలి, దానికి తొందర లేదు.

అమ్మగారికి 6:10 గట్టిగా చదివి వినిపించు, పరిశుద్ధులకి ఉపచారం చేసిన ప్రేమని మరచిపోవడానికి దేవుడు అన్యాయస్థుడు కాడన్నది. సభలకి వచ్చినవాళ్లకి ఇరవై ఏళ్లుగా వంట చేసిపెట్టిన చెయ్యి ఆవిడదని నువ్వే రాశావు. అన్నయ్య టికెట్ ఏ తారీఖుకో తెలిస్తే మాత్రం వచనం కంటే ముందు అది చెప్పు.